తెల్ల ప్యాంటుకి అంటిన పసుపు

జనవరి 6

ఆకుల డాక్టరమ్మకి,

మీ మామయ్య దీవెనలు. ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమేంటని విసుక్కోకు. నా చెవుల సంగతి నీకు తెలియంది కాదు. విత్తనాలు చల్లే ముందు నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు వినబడింది "మామయ్యా" అన్న పిలుపొక్కటే. మిగతాదంతా నేనే ఊహించుకుని "సరే సరే" అన్నాను. దేనికి సరే అన్నానో ఇప్పటికీ తెలీదు. అందుకని నువ్వూ ఉత్తరమే రాయి, కాస్త పెద్ద అక్షరాలతో. బోర్డులు రాసేవాడి మేనకోడలివి, ఆ చీమల బారు రాత ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు?

ముప్ఫై ఏళ్ళు కొట్లకీ బళ్ళకీ బోర్డులు రాసి, కుంచె పక్కన పడేసి రైతునయ్యాను కదా. ఇది నా రెండో పంట. పోయినేడు మొదటి పంటే బ్రహ్మాండంగా వచ్చేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. "ఈ రకానికి రోగాలు రావండీ" అని విత్తనాలమ్మినాయన అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఈసారి గట్టు మీద నా అంత ఎత్తు బోర్డు పాతాను. "రోగం రాని గోధుమ. చూసి నేర్చుకోండి." ఎర్ర అక్షరాలు, వాటికి నల్ల నీడ. రెండో ముక్క అక్కర్లేదని మీ అత్తయ్య మొత్తుకుంది. బోర్డు కింద చోటు మిగిలిపోతే నా చెయ్యి ఊరుకుంటుందా?

పక్క పొలం మా వియ్యంకుడుగారిది. మా అమ్మాయిని ఇచ్చింది ఆయన కొడుక్కే కాబట్టి ఆయన గోధుమే మా అమ్మాయి కంచంలోకి వచ్చేది. ఆయన పుట్టు రైతు. రోజూ పొద్దున్నే గట్టు మీద నడుస్తూ నా బోర్డు దగ్గరికి రాగానే దగ్గుతారు. అది దగ్గు కాదని నాకూ తెలుసు.

అసలు సంగతికొస్తా. పల్లపు మూలలో కొన్ని ఆకులు పసుపు పడుతున్నాయి. ఏం వెయ్యాలో రాయి. రోగమని మాత్రం అనకు తల్లీ, బోర్డు ఉంది.

ఇంకోటి, దీనికీ దానికీ సంబంధం లేదనుకో. వియ్యంకుడుగారి ముందు దర్జాగా కనబడదామని, అల్లుడు కొనిపెట్టిన తెల్ల ప్యాంటు వేసుకుని పొలమంతా కలియదిరిగాను. ఇంటికొచ్చేసరికి మోకాళ్ళ దాకా పసుపు. "రైతునయ్యానంటారు, మళ్ళీ ఆ రంగు డబ్బా కెలికారా?" అని మీ అత్తయ్య నాకు చీవాట్లు పెట్టింది. ప్యాంటు ఉతకనని భీష్మించుకుంది. అదింకా తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

చెవులు తప్ప అన్నీ బాగానే ఉన్న
మీ మామయ్య


జనవరి 11

మామయ్యా,

నమస్కారం. చాలా హడావిడిలో రాస్తున్నాను. పంట తెగుళ్ళ ల్యాబులో నా పనేంటంటే రైతుల ఉత్తరాలకి జవాబులు రాయడం. బల్ల మీద కట్ట పేరుకుపోయింది. సగం ఉత్తరాల్లో నీ మాటే ఉంటుంది, ఆకులు పసుపు పడుతున్నాయని. చాలావాటికి కారణం నత్రజని తక్కువ కావడమే. నీదీ అదే అయ్యుంటుంది. తడి ఉన్నప్పుడు కొంచెం యూరియా చల్లు, పచ్చబడుతుంది.

నన్ను ఆకుల డాక్టరమ్మ అని పిలవడం మానెయ్. నా కిటికీలో పెట్టుకున్న ఒక్కగానొక్క మొక్క పోయిన వారం చచ్చిపోయింది. కారణం ఏంటో ల్యాబులో ఎవ్వరికీ చెప్పలేదు. నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను.

బోర్డు సంగతి విని మా వాళ్ళందరూ నవ్వారు. అత్తయ్యకి నా తరఫున ఓదార్పు.

నీ మేనకోడలు


జనవరి 20

అమ్మాయ్,

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. కోపమా? ఆ రోజు ఫోన్లో నేను సరే అన్నది నీ పెళ్ళి గురించి కాదు కదా? ఆ మాట అడుగుదామంటే మీ అత్తయ్య "నోరు మూసుకుని యూరియా చల్లండి" అంది.

చల్లాను. నువ్వు కొంచెం అన్నావు. కానీ బోర్డుకైనా ఒక్క పూత వేసి వదిలేసే అలవాటు నాకు లేదు. రెండు పూతలు వేశాను. చేను ఎంత దట్టంగా, ఎంత నల్లటి పచ్చగా తయారైందంటే, పుస్తకాల వాళ్ళొచ్చి ఫోటో తీసుకోవాలి. రెండు రోజులు గట్టు మీద కూచుని నా పొలం నేనే చూసుకుని మురిసిపోయాను.

మూడో రోజున పల్లపు మూలకి వెళ్ళాను. పసుపు తగ్గలేదు సరికదా, ఇంట్లో గదంత మేర పాకింది. దగ్గరికెళ్ళి చూస్తే ఆకుల మీద నిలువుగా పసుపు గీతలు. అందంగానే ఉన్నాయి, అదే భయంగా ఉంది.

నీకు చూపిద్దామని ఒక ఆకు కోసి, వాడిపోకుండా తడిపి, ప్లాస్టిక్ కవరులో గట్టిగా చుట్టి ఇందులో పెట్టాను. అది చాలకపోతే చూస్తావని రంగుపెన్సిళ్ళతో బొమ్మ కూడా గీశాను.

వియ్యంకుడుగారు గట్టు మీద నడవడం మానేశారు. నా చేను పచ్చదనం చూసి ఓర్వలేకపోతున్నారని నా అనుమానం. పుట్టు రైతుకి బోర్డులు రాసేవాడి పంట చూస్తే కడుపు మండదూ?

రెండు పూతల రైతు
మీ మామయ్య


జనవరి 25

మామయ్యా, ముందు ఒక మాట. ఆ ప్యాంటు ఉతకనివ్వకు!

మొదట నా తప్పు చెప్తాను. నీ మొదటి ఉత్తరం నేను సగమే చదివాను. కాగితం రెండో వైపు తిప్పనే లేదు. ప్యాంటు కథంతా అక్కడుంది. నిన్న బొమ్మ చూశాక అనుమానం వచ్చి పాత ఉత్తరం వెతికి తిప్పాను. తిప్పి నెత్తి కొట్టుకున్నాను. ఎనిమిదేళ్ళుగా రైతుల ఉత్తరాలు చదవడమే ఉద్యోగంగా ఉన్న మనిషిని, సొంత మేనమామ ఉత్తరం పూర్తిగా చదవలేకపోయాను. నాకు జీతమిస్తున్నవాళ్ళు అమాయకులు.

నీ ఆకు గురించి. తడిపి ప్లాస్టిక్‌లో చుట్టిన ఆకు దార్లోనే కుళ్ళిపోయి ముద్దయింది. కవరు విప్పగానే పక్క బల్లాయన లేచి కిటికీ తెరిచాడు. ఈసారి పంపితే పొడిగా, మామూలు కాగితంలో పెట్టి పంపు.

ఇప్పుడు నేనడిగేవాటికి నిజం చెప్పు. బొమ్మలో గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఆకు మీద అలాగే ఉన్నాయా, లేక నువ్వు దిద్దావా? నీ చేతిలో పడితే వంకర గోడ కూడా తిన్నగా అయిపోతుందని నాకు తెలుసు. ఇంకోటి, ప్యాంటుకంటిన పసుపు ఏ డబ్బాలోది? ఆ డబ్బా తీసి చూడు. తర్వాత తెల్ల గుడ్డతో ఒక ఆకుని మెత్తగా తుడిచి, గుడ్డకి ఏమంటిందో రాయి. ఎరువు తక్కువై పసుపు పడ్డ ఆకు నుంచి గుడ్డకి ఏమీ రాదు.

యూరియా ఇంక ఒక్క గింజ కూడా వెయ్యకు. రెండు పూతలా! ఆ పాపంలో సగం నాది.

నీ అరకొర డాక్టరమ్మ


జనవరి 30

తల్లీ,

డబ్బా మంచం కింద నుంచి లాగాను. మూత రాలేదు. సుత్తితో కొడితే వచ్చింది. లోపల రంగు ఎండి రాయైపోయి ఉంది. దాంతో ప్యాంటు పాడు చెయ్యాలంటే డబ్బా తీసి ప్యాంటు మీదికి విసరాలి. మీ అత్తయ్యకి చూపించాను, నేను నిర్దోషినని. "అయితే ముందే డబ్బా చూసుకోవచ్చుగా, అన్ని తిట్లు ఎందుకు పడ్డారు?" అంది. ఆవిడతో గెలవడం నా తరం కాదు.

జేబురుమాలు తీసుకెళ్ళి ఆకు తుడిచాను. పసుపు పొడి వచ్చింది. మెత్తగా, పిండిలాగా. అరె, ఏం పసుపే అది! ముప్ఫై ఏళ్ళలో ఎన్ని రంగులు కలిపినా నాకు కుదరని పసుపు. ముందు ఆ రంగు చూసి ముచ్చటపడ్డాను. ఎరువు తక్కువైతే గుడ్డకి ఏమీ రాదన్న నీ మాట గుర్తొచ్చి రుమాలు గబగబా మడిచేశాను.

బొమ్మ దిద్దాను, నిజమే. ఆకు మీద ఉన్నవి గీతలు కావు. సన్నటి పసుపు పొక్కులు వరసగా, కుట్టుమిషను కుట్టు వేసినట్టు. అక్కడక్కడా తెగి ఉన్నాయి. అతుకులు చూడలేక కలిపేశాను.

ఇది రోగమేనా? అయితే మందు రాయి. కానీ ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. ఎనిమిదూళ్ళకి కనబడేలా బోర్డు పెట్టి కూచున్నాను, ఏ మొహం పెట్టుకుని తిరగను?

భయపడుతున్న
మీ మామయ్య


ఫిబ్రవరి 4

మామయ్యా,

ఇది పసుపు తుప్పు తెగులు. ఇనుముకి తుప్పు పట్టినట్టు ఆకుకి పడుతుంది కాబట్టి ఆ పేరు. నువ్వు జేబురుమాలుతో తుడిచిన పొడి ఒక రకం బూజు వేసే బీజం. చలి, మంచు, తడి ఆకు ఉంటే చాలు, మొలిచేస్తుంది. రోజుల్లోనే కొత్త పొక్కులు పుట్టి మళ్ళీ పొడి రాలుస్తాయి. గాలి ఎటు వీస్తే అటు పోతుంది. యూరియా ఎక్కువై చేను దట్టమైతే దానికి పండగే. మనమే ఆ పండగ చేశాం.

విత్తనాలాయన అబద్ధం చెప్పలేదు. ఆ రకం కొన్నేళ్ళు తట్టుకుంది. బూజు తన తీరు మార్చుకుంది, ఇప్పుడు ఆ రకాన్నీ పడుతోంది. ఆ రోజు ఫోన్లో నేను గొంతు చించుకుని చెప్పింది ఇదే, ఈ ఏడు ఆ విత్తనం వెయ్యొద్దని. నువ్వు "సరే సరే" అన్నావు. మామయ్య ఎంత తొందరగా ఒప్పుకున్నాడోనని నేను పొంగిపోయాను!

మందు పేరు ప్రోపికొనజోల్. లీటరు నీళ్ళకి ఒక మిల్లీలీటరు. గాలి లేనప్పుడు, మంచు ఆరాక కొట్టు. ముక్కూ నోరూ కప్పుకో, చేతులకి తొడుగులు వేసుకో. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు, ఆశ పెట్టుకోకు. కాపాడుకోవాల్సింది పైన రాబోయే చివరి ఆకుని. కంకిలో గింజ నిండేది ఎక్కువగా దాని చలవే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మీ వియ్యంకుడుగారికి ఈ రోజే చెప్పు. నీ పొలంలో పొడి అంతుంటే గాలి గట్టు దగ్గర ఆగిపోదు. ఒక్క పొలంలో మందు కొడితే పక్క పొలం నుంచి మళ్ళీ వస్తుంది. అందరూ ఆకులు చూసుకుని, ఉన్నవాళ్ళందరూ ఒకేసారి కొట్టాలి. మనిద్దరి మధ్యే ఉండడానికి ఇదేం ఇంటి గుట్టు కాదు.

ఈసారి రెండు వైపులా చదివిన
నీ మేనకోడలు


ఫిబ్రవరి 10

అమ్మాయ్,

మందు కొట్టాను. స్ప్రేయరు వీపుకి తగిలించుకుని, మొహానికి మీ అత్తయ్య పాత చున్నీ కట్టుకుని వెళ్తే మా కుక్క నన్నే చూసి మొరిగింది. దార్లో ఒకాయన "ఏం కొడుతున్నారండీ?" అన్నాడు. "బలానికి టానిక్" అన్నాను. ఆయన టానిక్ పేరు అడిగాడు. నాకు దగ్గొచ్చింది. వియ్యంకుడుగారి దగ్గు ఎందుకు పనికొస్తుందో అప్పుడర్థమైంది.

ఆయనకి ఇంకా చెప్పలేదు. నిజంగా బయల్దేరాను. ఆయన ఎదురుగా వస్తున్నారు. నన్ను చూడగానే పక్క దారిలోకి తిరిగి వెళ్ళిపోయారు. ఆయనకి తెలిసిపోయిందే! లోపల నవ్వుకుంటున్నారు. నిన్న మా అమ్మాయి వచ్చి, "మా మావయ్యగారికి అన్నం సయించట్లేదు నాన్నా, చీకటితోనే లేచి పొలానికి పోతున్నారు" అంది. నన్ను చూసి పైకి నవ్వలేక కడుపు నొప్పి వచ్చి ఉంటుంది.

బోర్డుకి గోనెపట్టా కప్పాను. ఎండకి రంగు పోతుందని చెప్పుకుంటున్నాను. ఇంకో వారం చూసి, తగ్గకపోతే అప్పుడు చెప్తాను. అప్పటికి తగ్గిపోతే ఎవరికీ తెలియక్కర్లేదు కదా?

టానిక్ మామయ్య


ఫిబ్రవరి 14

మామయ్యా,

నాకు ఒళ్ళు మండిపోతోంది. నీ ఉత్తరాలు చదివి ఎప్పుడూ పడీపడీ నవ్వే దాన్ని, ఈసారి నవ్వు రాలేదు.

ఇంకో వారమా? వారంలో ఆ పొడి ఎన్ని పొలాలు దాటుతుందో నీకు తెలుసా? అందరి చేలలోనూ ఇప్పుడే చివరి ఆకు వస్తోంది. దాన్ని తుప్పు తినేస్తే గింజ నిండదు, పొట్టే మిగులుతుంది. నువ్వే రాశావు కదా, వియ్యంకుడుగారి గోధుమే వదిన కంచంలోకి వచ్చేదని. ఆ ఇంటికి ఏడాది తిండి అది. నీ బోర్డు పరువు కోసం నీ కూతురి తిండి గాలికొదిలేస్తావా? ఈ మాట అనడానికి నాకెంత కష్టంగా ఉందో, అయినా అంటున్నాను.

నవ్వితే నవ్వనీ. యూరియా వెయ్యమంది మా మేనకోడలేనని కూడా చెప్పు. ఇద్దరినీ కలిపి నవ్వుతారు, నీకు సగమే పడుతుంది.

నువ్వంటే ప్రాణం కాబట్టే ఇలా రాసిన
నీ మేనకోడలు


ఫిబ్రవరి 21

తల్లీ,

నీ ఉత్తరం మీ అత్తయ్య పైకి చదివింది, నాకు వినబడేంత గట్టిగా. వీధిలో వాళ్ళకీ వినబడి ఉంటుంది. చదివి మడిచి, నా కుంచెల పెట్టె తెచ్చి ముందు పెట్టింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఆ పెట్టె ముట్టుకోవడం అదే మొదలు.

ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు తెలిసిన పని బోర్డు రాయడం. పాత అక్షరాల మీద తెల్ల రంగు కొట్టాను. ఎర్ర రంగు మొండిది, కిందనుంచి కనబడుతూనే ఉంది. రెండో పూత వేశాను. నా జన్మలో రెండో పూత పనికొచ్చింది ఇప్పుడే. కొత్త పసుపు డబ్బా కొనుక్కొచ్చి ఇలా రాశాను:

"ఈ పొలానికి పసుపు తుప్పు తెగులు వచ్చింది. మీ ఆకులు తెల్ల గుడ్డతో తుడిచి చూసుకోండి. గుడ్డ పసుపైతే వచ్చి అడగండి, మందు చెప్తాను."

మన బూజు రంగు కుదరలేదు కానీ, దూరానికి బాగా కనబడుతోంది. కింద చోటు మిగిలింది. ఈసారి ఏమీ రాయలేదు.

గట్టు మీద కూచున్నాను. మొదట వచ్చింది వియ్యంకుడుగారే. నేను లేచి నించున్నాను. ఆయన బోర్డు చదివారు. నవ్వలేదు, దగ్గలేదు. నా పక్కన కూచుని ఒక మట్టిగడ్డ చిదిపారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "బావగారూ, ఇలాంటిది ఇంకోటి రాసిపెడతారా?" అన్నారు.

"ఎవరికి?" అన్నాను.

"నాకే. నా పొలంలోనూ ఉంది. మీరు తెల్ల ప్యాంటు వేసుకుని తిరిగిన రోజుకే ఉంది."

నన్ను చూసి పక్క దారి పట్టింది అందుకట. చీకటితోనే లేచి వెళ్ళింది ఎవరూ చూడకుండా మందు కొట్టడానికట. "పుట్టు రైతునని పేరుండి, రోగం రాని గోధుమ అని మీరు బోర్డు పెట్టాక, నా పొలానికే వచ్చిందని ఎలా చెప్పనండీ?" అన్నారు. ఆయన కొడితే నా పొలం నుంచి వెళ్ళింది. నేను కొడితే ఆయన పొలం నుంచి వచ్చింది. మేమిద్దరం పరువు కాపాడుకుంటూ దాన్ని చక్కగా పెంచి పోషించాం. ఎవరినుంచి ఎవరికి ముందు వచ్చిందని వాదించుకున్నాం కూడా. నా తప్పంటే నా తప్పని.

ఆ సాయంత్రానికల్లా చుట్టుపక్కల వాళ్ళందరూ జేబురుమాళ్ళు పట్టుకుని వచ్చారు. కొన్ని పసుపు, చాలావరకు తెలుపు. ఉన్నవాళ్ళందరం నిన్న ఒకేసారి మందు కొట్టాం. టానిక్ పేరు అడిగినాయన కూడా. ఆయన నన్ను చూసి నవ్విన నవ్వు నాకు వినబడలేదు కానీ, బాగా కనబడింది.

ఒళ్ళు తేలికపడ్డ
మీ మామయ్య


ఫిబ్రవరి 26

మామయ్యా,

ఉత్తరం బల్ల దగ్గరే గట్టిగా చదివాను. కిటికీ తెరిచిన పక్క బల్లాయన చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు. నాకు అంత ఓపిక లేదు, బాహాటంగానే ఏడ్చాను.

కోతయ్యాక రాలిన గింజల నుంచి మొలిచే మొక్కలు పీకేయండి. ఆ తెగులు బతకాలంటే పచ్చటి మొక్క కావాలి. వచ్చే ఏడు విత్తనం మార్చు. ఈసారి ఫోన్లో చెప్పను.

నాకూ ఒక చిన్న బోర్డు రాసి పంపు, బల్ల మీద పెట్టుకుంటాను. "కాగితం రెండో వైపు కూడా చదువు."

నీ మేనకోడలు


ఏప్రిల్ 18

ఆకుల డాక్టరమ్మకి,

కోతలయ్యాయి. నా పల్లపు మూల పోయినట్టే. మిగతా చేను గింజ కూడా సన్నగా, ఎండిన జీలకర్రలా వచ్చింది. రెండు పూతల యూరియా, మూడు వారాల పరువు కలిపి నాకు మిగిల్చింది అది. వియ్యంకుడుగారికి ఒక అంచు పోయింది కానీ మిగతాది నిలబడింది. చుట్టుపక్కల చాలామందికి చివరి ఆకు పచ్చగానే ఉంది. అందరూ వచ్చి నాకు చెప్పి వెళ్తున్నారు, అందులో నా గొప్పేదో ఉన్నట్టు. సిగ్గుతో చస్తున్నాను.

నిన్న మా అమ్మాయి వచ్చింది. వెనకాలే వియ్యంకుడుగారు భుజాన గోధుమ బస్తాతో. "ఈ ఏడు మీ పిండికి ఇవి వాడండి బావగారూ" అని గుమ్మంలో దించారు. వద్దని నేను చెయ్యి అడ్డం పెట్టాను. మా అమ్మాయి ఆ చెయ్యి పక్కకి తోసేసి, నా చెవిలో అరిచింది, "మీరు బోర్డు రాయకపోతే ఇవీ ఉండేవి కాదు నాన్నా!" అని. అంతకు ముందు దాచింది కూడా నేనేనని దానికి తెలుసు. అయినా ఆ ముక్క అనలేదు చూడు.

మీ అత్తయ్య ఆ పిండితో రొట్టెలు చేసింది. నేనూ వియ్యంకుడుగారూ పక్కపక్కన కూచుని తిన్నాం. నా పంటని నమ్ముకున్నట్టయితే ఈ రొట్టె లేదు, నేను నోరు మూసుకుని ఉంటే మా అమ్మాయికీ ఇది లేదు.

నీ బోర్డు ఇందులో పెట్టాను. పొడిగా, మామూలు కాగితంలో.

తెల్ల ప్యాంటు మీ అత్తయ్య చివరికి ఉతికింది. పసుపు పోయింది. వచ్చే చలికాలం ఆకులు చూడడానికి అదే వేసుకుని వెళ్తానన్నాను. వియ్యంకుడుగారు తనకీ ఒకటి కుట్టించమన్నారు.

మీ మామయ్య